గింజ తీసిన కారం

ఆర్నెల్ల సంది ఒక పిలగాడు
కాశిబుగ్గల నా గిర్నికి వస్తున్నడు.
చపాట మిర్చి, రెండు కిలోలు.
తొడిమె తియ్యాలె, గింజ తియ్యాలె,
మెత్తగ వద్దక్కా, రవ్వ లెక్క పట్టాలె.

గింజ తీసినంక కారంల ఏముంటదిరా,
రంగు తప్ప?
నవ్వుతడు.
రంగే గావాలె, అంటడు.

ఇరువై రెండేండ్ల నుంచి పడుతున్న.
తుమ్ము రాదు నాకు. కండ్లల్ల నీళ్లు రావు.
పెండ్లిండ్ల కారం, తొక్కుల కారం,
బాలింతల పత్తెం కారం,
చేతిల పోస్తే చెప్త ఏ ఇంటిదో.
ఈ ఎర్ర రవ్వ ఒక్కటే
ఏ పొయ్యి మీదికి పోతదో తెల్వకపాయె.

మొన్న పైసలతోటి పాటు
చిట్టీ మీద అడ్రసు రాసిచ్చిండు.
నయీంనగర్, జిరాక్సు దుకాణం మీద, రెండో అంతస్తు.
అన్నను తీస్కొని రా అక్కా, తిందురుగాని.

మెట్లెక్కుతుంటే మా ఐలయ్య ఆయాసం:
కొరియా అంటే యాడుంటదే?
నర్సంపేట దాటినంక, అన్న.

నాలుగే బల్లలు.
గోడకు వాన మరక, దాని మీదికి
వంకరగ ఒక కాగితపు లాంతరు.
పక్క బల్లకాడ యూనివర్సిటీ పిల్లలు
పుల్లలతోటి అన్నం ఏరుతున్నరు,
వాకిట్ల కోడిపిల్లలు నూకలేరినట్టు.

ఐలయ్య కార్డు చదివి ఆగిండు.
కోడి రెక్కలు ఆరు, రెండు వందల నలభై.
అద్దాలు తుడిసి మళ్ల చదివిండు.

రెక్క సంగతి నాకెర్కే.
మా ఇంట్ల కోడిని కోస్తే
ఒక కాలు బావకు, ఒక కాలు అన్నకు,
కందనకాయ నాయినకు.
మెడ అమ్మనే ఏసుకునేది, ఎవ్వలు అడగరని.
ఆఖరుదాన్ని, నాకు రెక్క.
తిను బిడ్డా, ఎగురుతవు, అనేది.
ఎగిరిన.
గూడూరు నుంచి కాశిబుగ్గ దాక.

ప్లేటు వచ్చింది.
ఎర్రగ, మెరుసుకుంట, పైన నువ్వులు.
వేళ్లకు పాకం లెక్క అంటింది.
కొరికిన.
ముందు తీపి, దాని ఎనక పులుపు, ఎల్లిగడ్డ,
అందరు బంతి మీదికెల్లి లేసినంక
వచ్చిన చుట్టం లెక్క, నిమ్మళంగ,
చపాట.
నా జల్లెడల పడ్డదే. నా గిర్ని వేడి తాకిందే.

తుమ్మిన.
గట్టిగ, బల్ల అదిరేటట్టు.
ఐలయ్య బిత్తరపోయి నీళ్లు జరిపిండు.
పిల్లల పుల్లలు ఆగినయ్.

సాంబరాజు లోపలికెల్లి ఉరికొచ్చిండు,
మోచేతుల దాక ఎరుపు.
కారమైందా అక్కా?
కాలేదురా. గుర్తుపట్టిన.

అప్పుడు చెప్పిండు.
హైదరాబాద్ల వంట నేర్పిన మణిపూర్ మేస్త్రి
సముద్రం దాటొచ్చిన పొట్లం ఇప్పి వాసన చూపెట్టిండట.
కిలో ధర ఇంటే ఇంటి కిరాయంత.
ఇంటికొచ్చి ఎనమాముల యార్డుల నడుస్తుంటే
అదే వాసన, బస్తాలు బస్తాలు.
రెండిటిదీ ఒక్కటే గుణమక్కా,
సిగ్గుపడ్డట్టు ఎర్రబడ్తది, మీద పడి కరువది.

ఎర్ర పులుసుల తేలే కుడుములు పెట్టిండు.
బియ్యప్పిండే, పేరు మాత్రం నోరు తిరగలే.
గోబి ఆకుల తొక్కు పెట్టిండు.
పులిసిపోయిందే, అని మూతి ముడుసుకుంటనే
ఐలయ్య గిన్నె ఊడ్చిండు,
ఇంకింత ఉందా బాబూ, అన్నడు.

ఆరో రెక్క మిగిలింది.
ఒక్కగానొక్క కొడుకు,
పుట్టినకాన్నుంచి కాలు ముక్క తప్ప తిననోడు,
ప్లేటును వేలుతోటి నా దిక్కు తోసిండు.
తినుకుంట చూసిన.
రవ్వ జెరంత మెత్తగైంది,
పాకంల కరిగిపోతున్నది, పంటికి తగుల్తలేదు.
పిలగాడు మొగమాటానికి చెప్పలే.
నేను గూడ చెప్పలే.

సోమారం పొద్దుగాల
జల్లెడ మార్చాలె.